తోడిన నీళ్ళు, తవ్విన బావి

అనంతపురం సీమలో ఒక మెట్ట ఊరు. ఊరంతటికీ ఒకటే బావి, తాతల కాలంలో తవ్వింది. దాని గిలక దగ్గర పొద్దు పొడిచింది మొదలు ఒక పడుచువాడు నిలబడి నీళ్ళు తోడుతుండేవాడు. పశువుల తొట్టి నింపాలి. రచ్చబండ పక్కన చలివేంద్రం కుండలు నింపాలి. వీధిబడి పిల్లలకు తాగేనీళ్ళు పెట్టాలి. చేంతాడు లాగలేని ముసలివాళ్ళ బిందెలు నింపి నెత్తికెత్తాలి. పంట ఇంటికొచ్చాక ఊరివాళ్ళు ఇంటికిన్ని జొన్నలని కొలిచి ఇచ్చేవాళ్ళు. ఆ పని అతనికి ఇష్టం. ఎవరి బిందె ఎంత పడుతుందో, ఏ ఎద్దు తొట్టి దగ్గర ఎంతసేపు నిలబడుతుందో అతనికి కంఠతా వచ్చు.

ఏడాదికేడాది చేంతాడుకు ఇంకో మూర అతుకు వేయాల్సి వచ్చింది. నీరు కిందికి పోతోంది. పెద్దలు రచ్చబండ మీద కూర్చుని కొత్త బావి తవ్వించాలని తీర్మానం చేశారు. తవ్వినవాడికి రెండెకరాల మాన్యం, కొత్త బావి మీద అజమాయిషీ. గడువు ఆరేళ్ళు. ఊళ్ళో నీళ్ళ సంగతి తెలిసినవాడు అతనే కాబట్టి పని అతనికే అప్పగించారు.

"మరి ఈ బావి దగ్గర ఎవరు తోడతారు?" అని అడిగాడు.

"నువ్వే తోడు. సాయంత్రం కాస్త పెందలాడే వదిలేస్తాంలే, పోయి తవ్వుకో" అన్నాడు ఊరిపెద్ద. ఆయన మంచివాడే. రోజుకు ఐదు గడియలు వదిలిపెడితే ఆరేళ్ళలో పదివేల గడియలు దాటుతాయని వేళ్ళ మీద లెక్కగట్టి మరీ చెప్పాడు. పదివేల గడియల్లో తెగని బావి ఉంటుందా?

పక్క ఊరి నుంచి ఒక ముసలి మేస్త్రి వచ్చాడు. చెట్లు చూశాడు, పుట్టలు చూశాడు, మన్ను పిసికి వాసన చూశాడు. ఒకచోట గడ్డపార దిగ్గొట్టి, "ఇక్కడ. పైన ఎర్రమన్ను, దాని కింద గరుసు, దాని కింద బండ. జల బండ కింద ఉంటాది. బండ దాకా ఎవడన్నా తవ్వుతాడు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మొదట్లో పని హాయిగా సాగింది. ఎర్రమన్ను మెత్తన. సాయంత్రం దిగి పది తట్టలు ఎత్తిపోస్తే పది తట్టల లోతు కళ్ళకు కనబడేది. మొదటి ఏడు రెండు మట్లు దిగింది. రెండో ఏడు గరుసు తగిలినా ఇంకో మట్టు దిగింది. ఊరు మెచ్చుకుంది.

మూడో ఏడు గరుసులోంచి నీరు ఊరింది. కొబ్బరికాయ కొట్టారు. "నీళ్ళు పడినాయి కదా, ఇంకేం తవ్వుతావు?" అన్నారు కొందరు. అతను దోసిలితో ఆ మడ్డినీళ్ళు తీసి చూపించాడు. "ఇది పై ఊట. శివరాత్రికి ఎండిపోతాది. ఇది చూపించి మాన్యం తీసుకుంటే మీ బిడ్డలు నన్ను తిట్టుకుంటారు."

అసలు కష్టం అప్పుడు మొదలైంది. సాయంత్రం వచ్చి చూస్తే గుంతలో నడుముల్లోతు నీళ్ళు. నీళ్ళలో గడ్డపార వేస్తే దెబ్బ బండను తాకదు. ముందు తోడాలి. ఒక్కడే కింద బక్కెట నింపాలి, పైకెక్కి లాగాలి, పారబోసి మళ్ళీ దిగాలి. అడుగు కనబడేసరికి పొద్దుగూకేది. నాలుగు దెబ్బలు వేసి ఇంటికి పోయేవాడు. రాత్రంతా ఊట ఊరేది. మర్నాడు సాయంత్రానికి మళ్ళీ నడుముల్లోతు.

ఉగాదినాడు ఊరిపెద్ద తాడుకు రాయి కట్టి లోతు కొలిపించాడు. నిరుడెంతో ఈ ఏడూ అంతే.

"ఏమబ్బీ, ఏడాదంతా ఏం చేస్తాంటివి?"

"నీళ్ళు తోడతాంటి పెద్దాయనా."

"అది పాత బావి కాడ పని. కొత్త బావి కాడ ఏం చేసినావు?"

"ఆడా తోడతానే ఉంటి."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. "మీరిచ్చే ఐదు గడియల్లో నాలుగున్నర తోడేదానికే పోతాండాయి. మిగిలిన అరగడియలో బండకు గీత కూడా పడటంలేదు" అన్నాడు. ఊరిపెద్ద ఆలోచించి, ఐదు గడియలను ఐదున్నర చేశాడు.

ఆ ఏడు వానలు లేవు. పాత బావిలో నీరు ఇంకా కిందికి పోయింది, ఒక్కొక్క బక్కెటకూ ఎక్కువసేపు పట్టింది. దానికితోడు జాతర వచ్చింది, రెండు పెళ్ళిళ్ళు వచ్చాయి. అతను ఉన్నాడు కదా అని అన్నిటికీ అతన్నే పిలిచారు. ఇచ్చిన ఐదున్నర గడియలు నాలుగై, మూడై, ఒక్కోరోజు అసలు లేకుండానే పోయాయి.

ఆ రోజుల్లోనే ఒక చిన్న సంగతి జరిగింది. బడిపిల్లలకు నీళ్ళు పోస్తుంటే ఒక పిల్ల పాత బావిలోకి తొంగిచూసి, "అన్నా, నీళ్ళెప్పుడూ ఆ మూల నుంచే వస్తాయెందుకు?" అని అడిగింది. పదేళ్ళుగా తోడుతున్న బావి. ఆ మూల అతను ఏనాడూ చూడలేదు. వంగి చూశాడు. ఈశాన్యం మూల బండలో నెర్రె. బండ అటువైపు వాలి ఉంది. ఆ సాయంత్రం కొత్త బావిలో దిగి, మధ్యన వేస్తున్న గడ్డపారను ఈశాన్యానికి జరిపాడు. పిల్లలకు నీళ్ళు పోసే పని లేకపోతే ఆ మూల అతనికి కనబడేదే కాదు.

మూల తెలిసింది, కాలం మాత్రం దొరకలేదు. రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని దిగడం మొదలుపెట్టాడు. ఒక రాత్రి ఒడ్డు మన్ను జారి మోకాళ్ళ దాకా కమ్మేసింది. పక్షం రోజులు మంచాన పడ్డాడు.

అదే సమయంలో పక్క ఊళ్ళోనూ ఒకడు బావి తవ్వుతున్నాడు. అదే మాన్యం, అదే గడువు, అతనికీ అదే ఊట. గడువు ముగిసే ముందురోజు రాత్రి బండ్ల మీద పీపాలతో నీళ్ళు తెచ్చి గుంతలో పోశాడు. తెల్లారి పెద్దలు వచ్చి చూశారు. నిండా నీళ్ళు. మాన్యం రాసిచ్చారు. శివరాత్రి నాటికి ఆ గుంత అడుగు నెర్రెలు విచ్చింది. ఊరంతా వాణ్ణి తిట్టింది, అది న్యాయమే. రోజుకు ఐదు గడియలిచ్చి ఆరేళ్ళలో బావి అడిగినవాళ్ళను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆ కబురు ఈ ఊరికి చేరిన రాత్రి రచ్చబండ దగ్గర మళ్ళీ కూర్చున్నారు. ఊరిపెద్ద కొడుకు, "అతన్ని నీళ్ళ పని నుంచి పూర్తిగా తీసేద్దాం, బావొక్కటే తవ్వుకోనీ" అన్నాడు. ఇంకొకాయన, "తీసేస్తే జొన్నలెట్ల కొలుస్తాం?" అన్నాడు. జొన్నలు లేకుండా అతను ఏం తింటాడో ఎవరికీ తోచలేదు.

ఒక అవ్వ లేచింది. రోజూ అతను బిందె ఎత్తితే ఇంటికి పోయే అవ్వ.

"వాడు మంచాన పడినాక పదైదు దినాలు మన నీళ్ళు మనమే తోడుకుంటిమి కదా. ఎవురమన్నా దప్పికతో సచ్చిపోతిమా? మంచాన పడితే చేసిన పని, వాడు బాగున్నప్పుడు చేస్తే ఏం పోయె? ఎండాకాలం మూణ్ణెల్లు ఇంటికొక వంతు. పాత బావి కాడ ఇద్దరు, కొత్త బావి కాడ ఊట తోడేదానికి ఇద్దరు. వాడు పొద్దున దిగితే సాయంత్రం దాకా తవ్వనీ."

"మేం జొన్నలు కొలుస్తాండాం కదా, మళ్ళీ వంతేంది?" అన్నారెవరో.

ఈసారి జవాబు చెప్పింది ఊరిపెద్దే. "జొన్నలు తోడిన నీళ్ళకు కొలుస్తాండాం. తవ్వే బావికి ఏం కొలిచినాం?"

మాఘం వెళ్ళాక వంతులు మొదలయ్యాయి. ఇద్దరు ఆగకుండా ఊట తోడుతుంటే అతను రోజంతా బండ మీదే ఉన్నాడు. మేస్త్రి ప్రతి అమావాస్యకూ వచ్చేవాడు. బుట్టలో దిగి, బండను రాయితో కొట్టి, చెవి ఆనించి విని, "ఈడ వెయ్యి" అని చూపించి పైకొచ్చేవాడు. ఎంత లోతు దిగిందని ఒక్కసారీ అడగలేదు. బడిపిల్లల నీళ్ళు కూడా వంతువాళ్ళే పోస్తామన్నారు. అతను ఒప్పుకోలేదు. పొద్దున ఆ ఒక్క పని చేసుకునే బావిలోకి దిగేవాడు.

మృగశిర కార్తె ఇంకా పది రోజులుందనగా బండ పగిలింది. ఇసుకతో కలిసి జల పైకి తన్నింది. వంతువాళ్ళు ఎంత తోడినా తగ్గలేదు.

నీతి: ఊరికి నీళ్ళు తోడేవాడే ఊరికోసం బావి కూడా తవ్వుతుంటే, తోడే పనిలో ఊరికి వంతు ఉంది. అతనికి కావలసింది ఊట తోడాక కూడా మిగిలేంత ఏకధాటి కాలం.

పాఠం చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళకు ఈ ఊట సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఆదివారం సాయంత్రం ఒక అధ్యాయం సగంలో ఆపి లేస్తారు. సోమవారం నుంచి శనివారం దాకా తరగతులు, ఇంటర్నల్ పరీక్షలు, హాజరు పట్టికలు, నాక్ గుర్తింపు ఫైళ్ళు. మళ్ళీ ఆదివారం కూర్చుంటే తాము ఎక్కడ ఆపారో తెలియడానికే రెండు గంటలు పడుతుంది. వాదన ఎటు తిరగబోతోందో, ఏ పట్టిక ఎందుకు వేశారో, ఏ పుస్తకంలో ఏ పుట చూడాలనుకున్నారో అన్నీ మళ్ళీ తలకెక్కించుకోవాలి. అవన్నీ తలకెక్కి రెండు వాక్యాలు రాసేసరికి మర్నాటి పాఠం గుర్తొస్తుంది. వారానికి నాలుగు గంటలు దొరికాయని కాగితం మీద రాయొచ్చు. ఆ నాలుగూ ఒక్కపూట దొరకడం వేరు, అరగంట చొప్పున దొరకడం వేరు.

మన నియమాలు ఊరిపెద్దలా మంచివే, ఊరిపెద్దలాగే గడియలు లెక్కపెడతాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం కోర్సు వర్కుతో కలిపి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. మళ్ళీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్ళు. మహిళలకు, నలభై శాతానికి మించిన వైకల్యం ఉన్నవాళ్ళకు మరో రెండేళ్ళు. అంటే పదేళ్ళ దాకా. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల సెలవు కూడా ఉంది. ఇవి అవసరమైన వెసులుబాట్లే, వీటికోసం ఎందరో అడిగి సాధించుకున్నారు. కాని ఐదు గడియలను ఐదున్నర చేసినట్టే గడువును ఆరు నుంచి ఎనిమిది చేసినా, ఆ ఎనిమిదేళ్ళూ ముక్కలుగానే దొరికితే ఊట తోడటానికే సరిపోతాయి. ఉద్యోగం, పరిశోధన, పైన ఇంటి పని ఉన్న అధ్యాపకురాలికైతే తోడాల్సిన బావులు మూడు.

అదే నిబంధనల్లో నాకు బాగా నచ్చిన అంశం ఒకటుంది. పరిశోధకులందరికీ బోధనలోనూ రచనలోనూ శిక్షణ ఇవ్వాలని, ట్యుటోరియళ్ళు, ప్రయోగశాల పని, మూల్యాంకనం వంటివి వారానికి నాలుగు నుంచి ఆరు గంటల దాకా అప్పగించవచ్చని చెప్పాయి. ఆ కొలత సరైనది. వారానికి ఆరు గంటల పాఠం పరిశోధకుడికి మేలు చేస్తుంది. తనకు తెలుసనుకున్నది ఇరవై ఏళ్ళ కుర్రాడికి విడమరిచి చెప్పలేకపోయినప్పుడే, తన అధ్యాయంలో మెలిక ఎక్కడుందో తెలుస్తుంది. బావిలోకి తొంగిచూసి ఆ పిల్ల అడిగినలాంటి ప్రశ్నలు గ్రంథాలయంలో ఒంటరిగా కూర్చుంటే దొరకవు.

అయితే ఈ కొలత ఎందరికి వర్తిస్తోంది? జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వచ్చినవాళ్ళకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోషిప్ అయిన ఎస్ఆర్ఎఫ్‌కు 42,000. వాళ్ళు పూర్తికాలం కూర్చోగలరు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ ఫెలోషిప్ లేనివాళ్ళకు 8,000. దాన్ని నిలబెట్టుకోవడానికే 2015లో విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ కార్యాలయం ముందు రాత్రీపగలూ బైఠాయించాల్సి వచ్చింది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేని స్కాలరు హాస్టలు బిల్లు కట్టడానికి గెస్టు ఫ్యాకల్టీగా చేరతాడు. పీరియడు లెక్కన డబ్బు. సెలవుల్లో పీరియడ్లుండవు కాబట్టి డబ్బూ ఉండదు. కాలం దొరికిన నెలల్లో తిండికి వెతుకులాట, తిండి దొరికిన నెలల్లో కాలానికి వెతుకులాట.

ప్రైవేటు ఇంజనీరింగ్, డిగ్రీ కళాశాలల్లో పనిచేస్తూ పార్ట్‌టైం పీహెచ్‌డీ చేసేవాళ్ళది ఇంకా బరువైన కథ. యూజీసీ 2018 నిబంధనల లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్ తరగతిలో చెప్పాల్సింది వారానికి పదహారు గంటలు. అదీ ఒకే సబ్జెక్టు అయితే ఒక తీరు, నాలుగు సబ్జెక్టులైతే ఇంకో తీరు. టైంటేబుల్ వేసేవాళ్ళు పీరియడ్లు చూస్తారు, ఆ పీరియడ్ల వెనక రాత్రిపూట చేసే తయారీ వాళ్ళ లెక్కలోకి రాదు. పైగా వేసవి వస్తే అడ్మిషన్ల కోసం ఊళ్ళు తిరిగే పని. బండ మీద దెబ్బ పడగలిగిన ఆ రెండు నెలలూ అలా పోతాయి. సినాప్సిస్ ఇవ్వాల్సిన ఏడాదిలో ఒక అధ్యాపకుణ్ణి కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ పంపడం అన్యాయమని నేను గట్టిగా అంటాను.

వీళ్ళలో చాలామంది సరదాకు రిజిస్టర్ చేసుకున్నవాళ్ళు కారు. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసరు కావాలంటే 2021 జూలై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి అని 2018లో చెప్పారు. తర్వాత ఆ తేదీని 2023 జూలైకి జరిపారు. ఆ తేదీ వచ్చేసరికి నెట్, సెట్, స్లెట్‌లలో ఏదో ఒకటి చాలు, పీహెచ్‌డీ ఐచ్ఛికం అన్నారు. ఆ గడువుకు భయపడి గుంతలోకి దిగినవాళ్ళు సగం లోతులో ఉండగానే పైన తీర్మానం మారింది.

పీపాలతో నీళ్ళు పోసే బేరం పుట్టింది కూడా ఇలాంటి చోటే. 2016 నిబంధనలు థీసిస్ ఇవ్వడానికి ముందే ఒక పరిశోధన పత్రం అచ్చు కావాలన్నాయి, రెండు సదస్సుల్లో పత్రాలు చదవాలన్నాయి. ఉద్దేశం మంచిదే. కాలం లేనివాడికి అది డబ్బు కట్టి అచ్చేయించుకునే పత్రికల దారి చూపింది. ఏ పత్రికను నమ్మాలో చెప్పడానికి 2019లో యూజీసీ కేర్ జాబితా పెట్టారు, 2025లో దాన్నీ ఎత్తేశారు. 2022 నిబంధనల్లో పత్రం అచ్చు కావాలన్న షరతు తొలగించారు, అది సరైన పని అని నా నమ్మకం. డబ్బిచ్చి థీసిస్ రాయించుకున్నవాళ్ళను నేను సమర్థించను. వాళ్ళు తమ విద్యార్థులను మోసం చేస్తున్నారు. కాని తవ్వడానికి కాలం ఇవ్వకుండా నీళ్ళు మాత్రం చూపించమన్న వ్యవస్థకు ఆ మోసంలో భాగం లేదంటే ఒప్పుకోను.

అవ్వ చెప్పిన వంతు మన దేశానికి కొత్త కాదు. పంచవర్ష ప్రణాళికల కాలంలో యూజీసీ నడిపిన ఫ్యాకల్టీ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రాం సరిగ్గా అదే. ఎంపికైన కళాశాల అధ్యాపకుడు జీతం నష్టపోకుండా విశ్వవిద్యాలయానికి వెళ్ళి పరిశోధన చేసుకునేవాడు, అతని స్థానంలో పాఠం చెప్పే ప్రత్యామ్నాయ అధ్యాపకుడి జీతం యూజీసీ ఇచ్చేది. ఆ పథకంలోని తెలివంతా ఈ రెండో సగంలోనే ఉంది. సెలవు ఇవ్వడం సులభం. ఆ తరగతులు ఎవరు తీసుకుంటారన్న ప్రశ్నకు జవాబు లేకపోతే ఏ ప్రిన్సిపాలూ ఆ సెలవు మంజూరు చేయడు, చేసినా పాఠం ఆగిపోయిన విద్యార్థులు నష్టపోతారు. ఇంజనీరింగ్ అధ్యాపకులను ఐఐటీలకు, బెంగళూరు ఐఐఎస్సీకి పంపి చదివించే క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రాం 1970లోనే మొదలైంది. పంచవర్ష ప్రణాళికల్లో చివరిదైన పన్నెండోది 2017లో ముగిసింది. వంతుల ఆలోచన దానితో ముగియాల్సిన పనిలేదు. రాష్ట్ర ప్రభుత్వాలు, ఉన్నత విద్యామండళ్ళు తమ కళాశాలల కోసం ప్రత్యామ్నాయ అధ్యాపకుల నిధి ఒకటి పెట్టుకోవచ్చు. ఆ కొలువుల్లో గెస్టు క్లాసులతో నెట్టుకొస్తున్న స్కాలర్లనే, నెలజీతం మీద, వారానికి ఆరు గంటలకు మించకుండా తీసుకోవచ్చు.

ఏకధాటి కాలం దొరికితే ఏం జరుగుతుందో మన భాషలోనే ఉదాహరణ ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు బోధిస్తూ, 1950ల నడుమ అమెరికా వెళ్ళి చదువుకునే అవకాశం అందుకున్నారు. 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేటు ఇచ్చింది. తెలుగు ధాతువుల మీద ఆయన చేసిన ఆ పరిశోధనను 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం అచ్చువేసింది. ద్రావిడ భాషాశాస్త్రంలో పనిచేసేవాళ్ళు నేటికీ దాన్ని తెరుస్తున్నారు. ప్రతిభ ఆయనది. తరగతి గదికి దూరంగా, ఒకే పని మీద కూర్చోగలిగిన ఆ ఏళ్ళు మాత్రం ఆయనకు ఇతరులు అందించినవి.

ఈనాడు అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్న మన పిల్లల్లో చాలామంది టీచింగ్ అసిస్టెంట్లుగానే చదువుకుంటున్నారు. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళకు సెమిస్టరు నడిచేటప్పుడు వారానికి ఇరవై గంటలకు మించి పని ఉండకూడదన్న హద్దు ఉంది. అక్కడా అంతా సవ్యంగా లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2022 నవంబరులో దాదాపు 48,000 మంది టీచింగ్ అసిస్టెంట్లు, పరిశోధకులు సమ్మెకు దిగి, నెలకు పైగా నిలబడి వేతనాలు పెంచుకున్నారు. పాఠం చెప్పే విద్యార్థిని కూడా పనివాడిగా గుర్తించి ఒప్పందం రాసుకోవడం అక్కడ సాధ్యమైంది. మన దగ్గర గెస్టు ఫ్యాకల్టీ చేతిలో నియామక పత్రం కూడా లేని చోట్లు ఉన్నాయి.

మేస్త్రి సంగతి కూడా చెప్పాలి. 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసరు ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి మించి గైడుగా ఉండకూడదు. ప్రతి సెమిస్టరుకూ పరిశోధన సలహా సంఘం ముందు స్కాలరు తన పని చెప్పుకోవాలి. ఆ రోజు చాలాచోట్ల తాడుకు రాయి కట్టి లోతు కొలిచే రోజే అవుతోంది. ఎన్ని అధ్యాయాలయ్యాయి, ఎన్ని పత్రాలు వేశావు అన్న ప్రశ్నలతో ముగుస్తోంది. కడప నుంచి రాత్రి బస్సెక్కి తిరుపతి వచ్చిన లెక్చరరుకు కావలసింది తెచ్చిన పది పుటలు చదివి, ఇక్కడ వెయ్యి దెబ్బ అని చూపించే గైడు. ఆ పది పుటలూ ముందే పంపమని చెప్పి, రాగానే వాటి మీద గంటసేపు మాట్లాడే గైడు దగ్గర స్కాలర్లు మధ్యలో మానేయడం తక్కువ. ఇందుకు నిధులు అక్కర్లేదు.

కళాశాల చేయగలిగినవి కూడా అన్నీ ఖర్చుతో కూడినవి కావు. పరిశోధన చేస్తున్న అధ్యాపకుడికి మూడు వేర్వేరు పేపర్లు ఇచ్చే బదులు ఒకే పేపరు మూడు సెక్షన్లకు ఇవ్వవచ్చు. వీలైతే అతని పరిశోధనకు దగ్గరి పేపరే ఇవ్వవచ్చు. తరగతులన్నీ నాలుగు రోజుల్లో సర్ది, రెండు రోజులు వరసగా ఖాళీ ఉంచవచ్చు. రాసే ఏడాదిలో నాక్ పనినీ, స్పాట్ వాల్యుయేషన్‌నూ, అడ్మిషన్ల తిరుగుడునూ వేరేవాళ్ళు పంచుకోవచ్చు. ఈ ఏడు ఒకరికి, వచ్చే ఏడు ఇంకొకరికి. సహోద్యోగులు దీన్ని ఉపకారంగా చూస్తే అసూయలు పుడతాయి, వంతుగా చూస్తే పుట్టవు.

పార్ట్‌టైం పీహెచ్‌డీలో చేరాలంటే పనిచేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలని 2022 నిబంధనలు చెప్పాయి. పార్ట్‌టైం చదువుకు అనుమతి ఇస్తున్నామని, పరిశోధనకు చాలినంత కాలం దొరికేలా ఉద్యోగ బాధ్యతలు ఉన్నాయని, అవసరమైతే కోర్సు వర్కుకు విధుల నుంచి విడుదల చేస్తామని ఆ పత్రంలో సంస్థే రాసివ్వాలి. ఏటా ఎందరో ప్రిన్సిపాళ్ళు ఈ మాటల కింద సంతకం చేస్తున్నారు. ఆ సంతకం చేసే రోజునే టైంటేబుల్ కూడా ముందు పెట్టుకోవాలి. ఏ రెండు రోజులు ఖాళీగా ఉంచుతున్నారో, వేసవిలో ఏ ఆరు వారాలు పిలవకుండా ఉంటారో, కోర్సు వర్కు నెలల్లో ఆ తరగతులు ఎవరు తీసుకుంటారో పేర్లతో సహా ఒక పుట మీద రాసి పత్రానికి జతచేయాలి. దాని ప్రతి ఒకటి స్కాలరు చేతికివ్వాలి, ఇంకొకటి గైడుకు పంపాలి.